సుక్కి వేసిన వేలిముద్ర

మా బడిలో మధ్యాహ్నం అన్నం వండేది ఇద్దరం. నేనూ, సుక్కీ. పన్నెండేళ్లు ఒకే పొయ్యి ముందు కూర్చున్నాం. నేను అదే బడిలో ఏడో తరగతి దాకా చదివినదాన్ని. సుక్కి మాత్రం బడి గడప తొక్కింది వంటమనిషిగానే. ఆమెది మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న తండా. బయ్యారం గుట్టల కింద నేలంతా ఇనుపరాయి నేల, ఎర్రగా ఉంటుంది. పొద్దున ఆ బాట వెంట నడిచి వచ్చేసరికి ఆమె పాదాలు జాజు పూసినట్టు ఉండేవి. కాళ్లు కడుక్కుని, పొయ్యికి దండం పెట్టుకుని, అప్పుడు కట్టె అంటించేది. నేను కురవి వీరన్నను తలచుకునేదాన్ని, ఆమె సేవాలాల్ మహరాజును. పొయ్యి మాత్రం ఒకటే.

సుక్కికి ఒక అలవాటు ఉంది. పిల్లలకు వడ్డించక ముందే ఒక పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి, పైన ఇంకో పళ్లెం మూత వేసి పక్కన పెట్టేది. "ఎవరికే ఇది?" అని మొదటిరోజు అడిగాను.

"ఆఖరుకొచ్చే పిల్లకక్కా. దానికి ఎప్పుడు అడుగన్నమే వడుతది. దాని కడుపు ఏం పాపం జేసింది?" అంది.

ఆ పిల్ల ఎవరో ఏరోజుకారోజు మారేది. పళ్లెం మాత్రం మారలేదు. సుక్కి గురించి నాలుగు ముక్కలు రాయాలని కూర్చుంటే ముందుగా ఆ మూతపెట్టిన పళ్లెమే కళ్లముందుకొస్తుంది.

ఆమె బిడ్డ సుజాత. వారానికి రెండుసార్లు తొర్రూరు మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చే హన్మంత్ ఆటో దిగేవాడు కాదు. సీట్లో కూర్చునే క్యాబేజీ గడ్డలు ఒక్కొక్కటే విసిరేవాడు. సుక్కి కొంగు పట్టి అందుకునేది. మూడో తరగతిలో ఉన్నప్పుడు సుజాత తల్లికి అడ్డంగా వచ్చి నిలబడి, తానే పట్టడం మొదలుపెట్టింది. ఎడమకు వేసినా, కుడికి వేసినా, నెత్తి మీదుగా వేసినా పట్టేది. హన్మంత్‌కు అదొక ఆట అయింది. "ఏయ్ సుజ్జీ, ఇది పట్టు సూద్దాం!" అని అరిచి మరీ విసిరేవాడు. ఒక్క గడ్డ కింద పడనిచ్చేది కాదు.

ఆటల సారు కరుణాకర్ ఒకరోజు ఆ తమాషా చూశాడు.

"సుక్కక్కా, ఈ పిల్ల చేతులు నాకియ్యి."

"చేతులెట్లిస్త సారూ? మరి అంట్లెవరు తోముతరు?"

"అంట్లు నేను తోముతలే."

"గట్లనే అంటరు మగోళ్లు" అంది సుక్కి. వంటగది ముందు నవ్వులే నవ్వులు.

ఆ మర్నాటి నుంచి మా పొయ్యి కట్టెలే రెండు కుప్పలుగా పేర్చి ఫుట్‌బాల్ గోల్‌పోస్టులు చేశారు. వంటకు కట్టె కావాలంటే గోలు చిన్నదయ్యేది. కట్టెల ట్రాక్టర్ వచ్చిన రోజు గోలు పెద్దదయ్యేది. సుజాత ఆ రెండు కుప్పల నడుమ ఎర్రమట్టిలో దొర్లి దొర్లి పెరిగింది. ఇంటికి పోయేటప్పుడు ఆ పిల్లా, తల్లి పాదాలూ ఒకటే రంగు.

మండలం, జిల్లా, రాష్ట్రం. మెట్టుకొకసారి కరుణాకర్ సారు తన బండి మీదే ఆమెను బస్సు దగ్గరకు దింపి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపాడు. పదో తరగతిలో ఉండగా దేశం మొత్తంలో పిల్లలను ఏరి పెట్టిన క్యాంపుకు పిలుపు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి సారు నేరుగా వంటగదికి వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆసియాల ఉన్న దేశాలన్ని కలిసి ఆడే పోటీలు. పదిహేడేండ్ల లోపు ఆడపిల్లలవి. గిండ్ల ముందుకొచ్చిన జట్లకే ప్రపంచ కప్పుల ఆడే హక్కు దొరుకుతది."

"అంటే గీడ గెలిస్తెనే గాడికి పోనిస్తరు."

"గంతే."

"మరి మా పిల్ల బంతి తన్నదు గద సారూ. పడుతది."

"పట్టేటోళ్లు లేకుంటె తన్నేటోళ్లు ఎంతమందుండి ఏం ఫాయిదా అక్కా?"

సుక్కి గరిట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఆ రోజు పప్పు కొంచెం మాడింది. పిల్లలు అలాగే తినేశారు.

క్యాంపు నుంచి సంధ్య మేడం వారానికోసారి ఫోన్ చేసేది. ఆ మేడమే గోలీలకు, అంటే గోలు కాసే పిల్లలకు, ఆట నేర్పేది. "ముగ్గురు గోలీలు ఉన్నారమ్మా. ఇప్పటికైతే ముగ్గురిలో మీ పిల్లే ముందుంది" అంది ఒకసారి. సుక్కి ఆ మాట నాతో మూడుసార్లు చెప్పించుకుంది.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం పొద్దున మేడం మెసేజ్ పెట్టింది. సాయంత్రం నాలుగింటి లోపు పుట్టిన సర్టిఫికెట్ ఫోటో పంపాలి. జట్టు పేర్లతో పాటు అది కూడా పైకి పోవాలట. కరుణాకర్ సారు వేరే పిల్లలను తీసుకుని ఎక్కడో ఆటలకు పోయాడు, ఫోన్ కలవలేదు. సుక్కి పరుగున తండాకు పోయి, పెళ్లినాటి బట్టల కింద ప్లాస్టిక్ కవర్లో దాచిన కాగితం పట్టుకొచ్చింది. చేతులు తుడుచుకుని నేనే చదివాను. "పేరు గుగులోత్ సుజాత. తల్లి సుక్కి. తండ్రి తుల్సీరాం. పుట్టిన చోటు మానుకోట సర్కారు దవాఖాన." మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. సుక్కి ప్రతి మాటకూ తల ఊపింది. ముద్ర ఉంది, సంతకం ఉంది. ఫోటో తీసి పంపాను. చాయ్‌లో వేసుకునే బెల్లం ముక్క ఇద్దరం చెరి సగం నోట్లో వేసుకున్నాం.

పేర్లన్నీ చదివాను. తేదీ మాత్రం చదవలేదు. చదువుకున్నదాన్ని నేను.

సోమవారం కరుణాకర్ సారు బండి స్టాండు కూడా వేయకుండా లోపలికి వచ్చాడు.

"సుక్కక్కా, ఏ కాయిదం పంపిండ్రు?"

"ఉన్నదొక్కటే కాయిదం సారూ."

"గిండ్ల 2007 మార్చి అని ఉన్నదక్కా."

"ఉంటది. అప్పుడే పుట్టింది గద."

"మరి బడిల, ఆధార్ల 2009 జూన్ ఎట్లుంది?"

సుక్కి చాలా మామూలుగా చెప్పింది. "అప్పుడు మళ్ల పుట్టింది."

సారు నా వైపు చూశాడు. నేను సుక్కి వైపు చూశాను.

అప్పుడు చెప్పింది సుక్కి, పన్నెండేళ్లలో నాకెన్నడూ చెప్పని సంగతి. మొదటి బిడ్డ మానుకోట దవాఖానలో పుట్టింది. దానికి సుజాత అని పేరు రాయించుకున్నారు. ఎనిమిదో నెలలో మొగుడూ పెళ్లాలు, అత్త, చంటిపిల్లా హైదరాబాద్‌కు కట్టుడు పనికి ప్యాసింజర్ బండి ఎక్కారు. కాజీపేట దాటినంక పిల్ల ఒళ్లు కాలిపోయింది. జనగామ వచ్చేసరికి చల్లబడింది. దిగారు. స్టేషన్ బయట చాయ్ అమ్మే ఒకాయన పిల్లను చూసి, కొట్టు వదిలేసి, పార తెచ్చి దారి చూపించాడు. మట్టి చేయకముందు అత్త దీపం మసి తీసి పిల్ల ఎడమ చెవి వెనక చుక్క పెట్టింది. వాళ్ల ఇంట్లో ఆ ఆచారం ఉంది. పసిబిడ్డ పోతే గుర్తు పెట్టి పంపుతారు, తిరిగి వస్తే ఆనవాలు పట్టడానికి.

వాళ్లు హైదరాబాద్ పోలేదు. తర్వాత భూపాలపల్లి దిక్కు కరెంటు ప్లాంటు కడుతుంటే ఆ పనికి పోయారు. అక్కడ రేకుల షెడ్డులో, వానాకాలంలో, ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఎడమ చెవి వెనక నల్ల మచ్చ.

"మా అత్త సూసి, అదే వచ్చిందన్నది. అదే వచ్చినంక పేరు వేరే ఎందుకుంటది సారూ? కాయిదం వేరే ఎందుకు?" అంది సుక్కి.

రెండో కాన్పు ఏ దవాఖానలోనూ ఎక్కలేదు. అప్పటికింకా సుక్కి బడి వంటకు రాలేదు, పిల్లను చేర్చే రోజు కూలికి పోయిందట. తుల్సీరాం ఉత్త చేతులతో పిల్లను తీసుకుపోతే, అప్పటి సారు పిల్లను పైకీ కిందికీ చూసి "ఐదేండ్లుంటయి" అని జూన్ తేదీ ఒకటి రాసుకున్నాడు. మొదటి బిడ్డ చావు కూడా ఎక్కడా ఎక్కలేదు. కాగితాల లెక్కలో ఒక్క సుజాతే ఉంది. ఆమె 2007లో పుట్టింది. ఆ పోటీలకు 2009 జనవరి ఒకటో తారీకు తర్వాత పుట్టినవాళ్లే పనికొస్తారు.

క్యాంపులో సుజాత మణికట్టు ఎముక ఫోటో తీయించారు. వయసు సరిపోయిందని ఎముక చెప్పింది. కానీ రెండు తేదీలున్న పిల్లను జట్టులో పెడితే జట్టు మొత్తానికే ముప్పట. సంధ్య మేడం ఫోన్లో మెల్లగా చెప్పింది. "అమ్మా, ఫిబ్రవరి పదిహేను దాకా ఆమె పేరు పట్టుకుని కూర్చుంటాను. ఆ లోపు ఇద్దరు వేరు వేరని సర్కారు కాగితం తెండి. పిల్లను ఇంటికి పంపుతున్నందుకు నన్ను తిట్టుకోకండి." సుజాత జనవరి రెండో తారీకున ఇంటికి వచ్చింది. మేడం తన సొంత గ్లవ్స్ ఆ పిల్ల సంచిలో పెట్టి పంపింది.

ముందు భూపాలపల్లి పోయాం, నేనూ సుక్కీ. అక్కడ బొగ్గుబావిలో కాంట్రాక్టు పని చేసే తుల్సీరాం బస్టాండ్‌కు వచ్చాడు. "అక్కా, నీకు గిన్ని తిప్పలు పెడుతున్నం" అని నా చేతిలో సంచి తీసుకున్నాడు. షెడ్డులో సుక్కికి కాన్పు చేసిన ముత్తమ్మ ఇప్పుడు కార్మికుల క్వార్టర్ల దగ్గర మిర్చి బజ్జీ బండి పెట్టుకుంది. సుక్కిని చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టినంక వదల్లేదు.

"బొడ్డు కోసింది నేనే! తాపీతోని కోద్దామన్నడు నీ మొగడు, గుర్తున్నదా? తిట్టి బ్లేడు తెప్పిచ్చిన."

"నాకేం గుర్తు ముత్తమ్మక్కా" అని తుల్సీరాం సిగ్గుపడ్డాడు.

"నీకెందుకుంటది? నువ్వు బైట వానల నిలవడి ఏడుసుకుంట ఉంటివి."

నూనె కింద మంట ఆర్పి, బండిని పక్కవాళ్లకు అప్పజెప్పి మాతో ఆఫీసుకు వచ్చి సాక్షి సంతకం పెట్టింది ముత్తమ్మ. గుమాస్తా మమ్మల్ని ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, దరఖాస్తు తానే రాసిచ్చాడు. కానీ ఒక మాట చెప్పాడు. "అదే తల్లి, అదే తండ్రి, అదే పేరుతోని ఇప్పటికే ఒక పిల్ల ఉన్నది మా కంప్యూటర్ల. ఆ పిల్ల లేదని కాయిదం ఉంటెనే గీ పిల్ల ఉన్నదని రాస్తమమ్మా. జనగామల పోయిందంటున్నరు, జనగామల తెచ్చుకోండ్రి."

జనవరి ఎనిమిదో తారీకున జనగామ పోయాం. పద్దెనిమిదేళ్ల కింద చాయ్ అమ్మినాయన దొరుకుతాడని నాకు ఆశ లేదు. బస్సులో వీరన్నకు మొక్కుతూనే ఉన్నాను. స్టేషన్ బయట మూడు కొట్లలో అడిగాం. మూడో కొట్టు ఆయనదే. పేరు కట్టయ్య. చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. సుక్కి సంగతి మొదలుపెట్టిందో లేదో, "చిన్నలాగు ఏసుకున్న ఆడపిల్ల గద. కాలికి నల్లపూసల దండ" అన్నాడు.

సుక్కి ఆయన కాళ్లకు మొక్కింది.

"ఆ దండ తియ్యనియ్యలే మీ అత్త. ఉండనియ్యి, తోవల పనికొస్తదన్నది. నాకు గదే యాదికుంది బిడ్డా" అన్నాడు కట్టయ్య.

"ఆ జాగ సూపిస్తవా బాపూ?"

ఆయన చాలాసేపు గ్లాసులు కడిగాడు. "గాడ ఇప్పుడు రోడ్డు పడ్డది బిడ్డా. చూసి ఏం జేస్తవు. ఇగో, చాయ్ తాగు."

చాయ్‌కి పైసలు తీసుకోలేదు. మాతో ఆఫీసుకు వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాడు. కాగితం తయారైంది. అక్కడి అమ్మాయి ఓపికగా చదివి వినిపించింది. "చనిపోయిన వారి పేరు, గుగులోత్ సుజాత." ఇంకు పెట్టె తెరిచి సుక్కి ముందు పెట్టింది.

సుక్కి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను ఎయ్య."

"ఏందే సుక్కీ?"

"అక్కా, బతికున్న బిడ్డ పేరు. సచ్చిందని రాసి, దాని మీద కన్నతల్లి ఏలు పెట్టాల్నా? గా మాట దేవుడు వింటె?"

"అది ముందు పోయినదాని గురించే."

"ముందూ లేదు, ఎనుకా లేదు. అది పోలే. పోయి వచ్చింది."

తుల్సీరాం ఫోన్లో బతిమాలాడు. తండ్రి వేలు పెడితే సరిపోదా అని నేను అడిగాను. చివరిసారి పిల్ల ఎవరి ఒడిలో ఉందో వాళ్లే చెప్పాలన్నారు. అది సుక్కి ఒడి. చూసిన అత్త పోయి నాలుగేళ్లయింది. ఆ అమ్మాయి ఇంకు పెట్టె మూసి, "రేపు రాండ్రి అమ్మా, ఎల్లుండి రాండ్రి. నేనీడనే ఉంట" అంది. తిరుగు బస్సులో కండక్టర్ సుక్కి ముఖం చూసి, కిటికీ పక్క సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు.

రేపు పోలేదు, ఎల్లుండి పోలేదు. పండుగ సెలవులు వచ్చిపోయాయి. సుక్కి రోజూ పనికి వచ్చేది, వండేది, పళ్లెం పక్కన పెట్టేది. ఆ మాట ఎత్తితే పొయ్యిలో కట్టెలు ముందుకు తోసేది. బయట సుజాత కట్టెల కుప్పల నడుమ నిలబడి, కరుణాకర్ సారు తన్నిన బంతులు పట్టేది. నోరు తెరిచి తల్లిని ఒక్కమాట అడగలేదు. ఒకరోజు నీళ్లకని వంటగదికి వచ్చి, చెంబు చేతిలో పట్టుకునే నన్ను అడిగింది.

"పెద్దమ్మా, గిన్నేండ్లు నేను గామె కాయిదం మీద బతికిన్నా?"

"అట్లనకు బిడ్డా."

"కాదు, తెలుసుకుందామని అడిగిన." నీళ్లు తాగి మళ్లీ గోల్లోకి పోయింది.

సుక్కి వింది. మెతుకు పట్టి చూడకుండానే అన్నం దించింది.

జనవరి ఆఖరులో మేడారం జాతర వచ్చింది. బస్సులన్నీ అటే తిరిగాయి. ఆఫీసుల్లో మనుషులు కూడా జాతర డ్యూటీలకే పోయారు. సుక్కి, తుల్సీరాం భూపాలపల్లి మీదుగా అమ్మవార్ల గద్దెల దగ్గరకు పోయి, పిల్ల ఎత్తు బెల్లం మొక్కుకుని వచ్చారు. తిరిగి వచ్చిన పొద్దున నా చేతిలో ప్రసాదం బెల్లం పెట్టింది. ముఖం మీద నిద్ర లేదు.

"అమ్మవార్లను అడిగిన అక్కా. ఏలు ఎయ్యాల్నా వద్దా అని. జనంల నిలవడి గట్టిగనే అడిగిన."

"ఏమన్నరు?"

"ఏమనలే. తాప తాపకు అడిగిన. ఏమనలే." పొయ్యికి దండం పెట్టుకుంది. "ఇగ నేనే ఏస్త. పా."

ఫిబ్రవరి నాలుగున జనగామలో వేలిముద్ర వేసింది. ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది, అక్కడే ఉంది. సుక్కి బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద పెట్టి, చాలాసేపు తీయలేదు. ఆ అమ్మాయి కూడా తీయమనలేదు. తీశాక చూస్తే గీతలన్నీ కలిసిపోయి నల్ల మచ్చ ఒక్కటే ఉంది. "ఇంకోటి ఎయ్యాలమ్మా, గీతలు పడలే" అంది ఆ అమ్మాయి తలదించుకుని. ఒక బిడ్డకు సుక్కి రెండుసార్లు వేసింది.

చావు పాతది కనుక పై ఆఫీసర్ హుకుం కావాలి. అది జనగామలో వచ్చాకే భూపాలపల్లిలో కదలాలి. కరుణాకర్ సారు సెలవు పెట్టి ఆ ఊరికీ ఈ ఊరికీ బండి మీద తిరిగాడు. జాతర డ్యూటీల నుంచి వచ్చినవాళ్ల బల్లల మీద మా కాగితం ఒక్కటే ఉందా? అందరివీ ఉన్నాయి. ఎవరూ మమ్మల్ని కసిరింది లేదు, చేయి చాపింది లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కష్టం అది. పదిహేనో తారీకు సాయంత్రం సంధ్య మేడం ఫోన్ చేసింది. "ఇంకో రెండు రోజులు ఆపాను. ఇక నా చేతిలో లేదమ్మా" అని ఏడ్చింది. సుక్కే ఆమెను ఊరుకోబెట్టింది. "నువ్వేం జేస్తవు బిడ్డా. ఏడ్వకు, పిల్లలు సూస్తరు."

భూపాలపల్లి కాగితం ఫిబ్రవరి ఇరవై నాలుగున చేతికి వచ్చింది. మేడం ఆపిన రెండు రోజులు కలుపుకున్నా వారం ఆలస్యం.

ఆ సాయంత్రం అంట్లు తోమాక సుక్కి రెండు కాగితాలూ నా ముందు పెట్టింది. ఒకటి చావుది, ఒకటి పుట్టుకది.

"అక్కా, నేను మొదలే ఏలు ఏసి ఉంటె?"

"అప్పుడైనా ఇంతే అయ్యేదే సుక్కీ" అన్నాను. జనవరి ఎనిమిది నుంచి ఫిబ్రవరి నాలుగు దాకా ఎన్ని రోజులో నాకు లెక్క వచ్చు. డిసెంబర్‌లో ఆ శుక్రవారం తేదీ కూడా నేను చదివి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసు. ఆమె నా ముఖంలోకి చూసింది. నా అబద్ధం ఆమెకు తెలిసిపోయింది. తెలిసినా నా కోసం నమ్మినట్టు కూర్చుంది.

"చావు కాయిదం సదువు. గట్టిగ సదువు."

చదివాను. ఈసారి అంకెలు కూడా చదివాను. పుట్టిన తేదీ, పోయిన తేదీ, వయసు ఎనిమిది నెలలు. "పోయిన తేదీ" అన్నచోట సుక్కి నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు. పద్దెనిమిదేళ్లుగా లోపల కూర్చున్నదేదో లేచినట్టు. తర్వాత నేల మీద రెండు చేతులూ చరుస్తూ ఏడ్చింది, వాళ్ల భాషలో, పేరు పెట్టి పిలుస్తూ. సుజాత గేటు దగ్గర బంతి పట్టుకుని నిలబడి వింటోంది. తల్లి పిలిచేది తన పేరే. కానీ తనను కాదు. లోపలికి రావాలో వద్దో తెలియక ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున సుక్కి రెండు పళ్లేలు పక్కన పెట్టింది. ఆఖరున వచ్చిన పిల్ల ఒకటి తింది. రెండోది బడి అయ్యేదాకా మూతతోనే ఉంది. పొద్దుగూకి ఆమె దాన్ని కొంగు కింద పెట్టుకుని తండా బాట పట్టింది. ఎక్కడ పెడుతుందో నేను అడగలేదు. జనగామ అంత దూరం, ఆ జాగ మీద రోడ్డు.

ఎండాకాలంలో పోటీలు జరిగాయి. కరుణాకర్ సారు ఫోన్ పట్టుకుని తండాకు పోయాడట. జట్టు వరుసగా నిలబడి జనగణమన పాడుతుంటే సుజాత కూడా మంచం పక్కన లేచి నిలబడిందట. ఒకటో నంబరు చొక్కా వేసుకున్న పిల్లను చూసి, "అది మంచి పిల్ల సార్. క్యాంపుల నాకు దుప్పటి ఇచ్చింది" అందట. పాట అయిపోయాక బర్రెకు నీళ్లు పెట్టాలని లేచిపోయిందట. సారు ఒక్కడే ఆట చూడలేక ఫోన్ ఆపేశాడు.

మళ్లీ ఈ వయసు పోటీలు వచ్చేనాటికి సుజాతకు పదిహేడు దాటుతాయి. ఈసారి కాగితం కూడా అదే చెబుతుంది, ఎముక కూడా అదే చెబుతుంది.

కురవి పోయాను ఒక మంగళవారం. దీపం పెట్టాను. ఏం మొక్కాలో నోటికి రాలేదు. స్వామిని నేను తప్పు పట్టను. కానీ ఆయన ముందు అంత ఖాళీగా నేనెన్నడూ నిలబడలేదు. పక్కనున్న ముసలమ్మ నా చేతిలో ఆరిపోయిన వత్తి చూసి, తన దీపంతో ముట్టించి, తన దారిన పోయింది.

జూన్‌లో బడి తెరిచారు. పదో తరగతి పాసైన సుజాత కాలేజీలు మొదలయ్యేదాకా తల్లికి సాయంగా వంటకు వస్తోంది. మొదటి వారంలోనే హన్మంత్ ఆటో వచ్చింది. అతనికి సంగతంతా తెలుసు. పిల్లను నవ్వించాలనే అనుకున్నాడు పాపం.

"ఏయ్ సుజ్జీ, పట్టు!"

క్యాబేజీ గడ్డ గాల్లో సూటిగా ఆమె ఛాతీ మీదికే వచ్చింది. చేతులు చాపితే చాలు. సుజాత చేతులు చాపలేదు. ఒక్క అడుగు పక్కకు జరిగింది, దారిలో పోయే మనిషికి తోవ ఇచ్చినట్టు. గడ్డ ఎర్రమట్టిలో పడి, పగిలి, కట్టెల కుప్ప దాకా దొర్లింది.

హన్మంత్ ఆటో దిగాడు. ఇన్నేళ్లలో అతను ఆటో దిగడం నేను చూడడం అదే మొదటిసారి. మిగిలిన గడ్డలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి, చప్పుడు కాకుండా వంటగది గోడ పక్కన పెట్టాడు.

సుక్కి పోయి ఆ పగిలిన గడ్డ తీసుకుంది. మట్టి పట్టిన ఆకులు ఒలిచింది. కడిగింది. కత్తిపీట ముందు కూర్చుని సన్నగా తరగడం మొదలుపెట్టింది.